ఒక్క స్తంభం దూరం

సోమవారం. గాలిమలుపు దగ్గర ఆగింది.

ఇవాళ్టి నించి రాస్తున్నాను. నా స్కూటర్ బ్యాటరీ రోజుకింత చస్తోంది. ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోకపోతే కంపెనీవాళ్ళు అసలు చావే లేదంటారు.

గాలిమలుపంటే ఘాటు రోడ్డులో పైనించి రెండోది. అక్కడిదాకా మూలుగుతూ వచ్చి బ్యాటరీ ఆఖరి గీత ఆరిపోయింది. వెనక సీటులో వరహాలు పిన్ని ఉంది. పిన్నంటే రక్తసంబంధం కాదు, మా సందులోనే ఉంటుంది. నేను నడక నేర్చింది ఆవిడ గుమ్మంలో. రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే కొండమీద మెరక ఆస్పత్రిలో మిషను పక్కన కూర్చుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. మా పల్లంలో ఉన్న ఆస్పత్రిలోకి నేను చిన్నప్పుడే సముద్రం వచ్చేసింది. దాని రెండో అంతస్తులో ఇప్పుడు కొంగలుంటున్నాయి.

నా పని కూడా మెరకలోనే. టవర్లలో ఉండేవాళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ. రోజూ ఎక్కాలి, రోజూ దిగాలి. బస్సు లేదు, కొండచరియలు పడ్డాక వంతెన మోటారుసైకిలు కన్నా బరువైంది మొయ్యదన్నారు. తీగమీద వేలాడే పెట్టె ఒకటుంది, అది మెరక కార్డు ఉన్నవాళ్ళకి. బైకు అంబులెన్సు వాళ్ళకి ఫోన్ చేస్తే పేషెంటు పడిపోయారా అని అడుగుతారు. కూర్చుని వెళ్ళగలిగితే రారట.

"అయితే పడిపోమంటావేటి బాబూ?" అని పిన్ని మర్యాదగానే అడిగింది ఒకసారి. ఫోన్ పెట్టేశారు.

నేను దిగి, పిన్నిని సీటు మీదే ఉంచి, హ్యాండిల్ పట్టుకుని తోశాను.

"దిగిపోనా?" అంది.

"కూకో."

"నడుస్తానే, మెల్లగా."

"నువ్వు నడిస్తే రేపటికి చేరతాం. కూకోమన్నానా?"

"అలా కసరకే. నాకు కిడ్నీలే పోయాయి, సెవులు బాగానే ఉన్నాయి."

చేరేసరికి నర్సు సుగుణ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడది కూడా పల్లమే, చర్చి వెనక సందు. పిన్నిని రెక్క పట్టి లోపలికి తీసుకెళ్తూ, "ఇంకాస్త ఆలస్యమైతే కుర్చీ పోయేది పైడీ," అంది. "ఖాళీగా కనపడితే కంప్యూటరే పేరు మార్చేస్తుంది. నా చేతిలో ఉండదు."

ఎవరి చేతిలోనూ ఏదీ ఉండదు ఈ ఊళ్ళో. అదే నాకు మండుతుంది.

మంగళవారం. ఒక్కదాన్నే, పైదాకా వెళ్ళింది.

ఒక్కదాన్నయితే వెళ్తుంది. అదీ సమస్య.

పని దిగాక బ్యాటరీ కంపెనీ కౌంటరుకి వెళ్ళాను. బ్యాటరీలన్నీ వాళ్ళవే, మనం అద్దెకి మోస్తాం. కౌంటరు పిల్ల తీగ పెట్టి చూసి, "ఆరోగ్యంగానే ఉందండి, మార్చడానికి రూలు రాదు," అంది. వాళ్ళ పరీక్ష చదును నేలమీద, ఒక్క మనిషి బరువుతో. ఇక్కడ చదును నేల ఎక్కడుందో చూపించమన్నాను. ఆ పిల్ల తల దించుకుని, "రాసి పైకి పంపుతానక్కా, నిజంగా పంపుతాను," అంది. పంపుతుందనే అనుకుంటున్నాను. దాని కళ్ళకింద కూడా నిద్రలేని నలుపుంది.

పిన్నిని ఇంకెవరి బండి మీదైనా ఎక్కించమంటారేమో. వెనక సీటు మనిషి పేరు ఒక్క బండికే రాస్తారు. వేరే బండి ఎక్కితే సీటు గుర్తుపట్టి కదలదు. పేరు మార్పించాలంటే వానాకాలం దాకా ఆగాలి. అడిగి చూశాను కాబట్టి చెప్తున్నాను.

దిగేటప్పుడు ఒళ్ళు మండిపోయే సంగతి ఇంకొకటి. దిగుడు మీట నొక్కితే బండి వెనక్కి పట్టి లాగుతున్నట్టుంటుంది. చక్రం మోటారుని తిప్పుతుంది, మోటారు బ్యాటరీని నింపుతుంది. కొండ దిగేసరికి చచ్చిన బ్యాటరీకి కూడా గీతలు లేచి నిలబడతాయి. మొత్తం నా ఒంటి బరువుతో పుట్టిన చార్జి. కింద గేటు దగ్గర కంపెనీ తీగ పెట్టి దాన్నంతా లాగేసుకుంటారు. కోత అంటారు దాన్ని. బ్యాటరీ వాళ్ళదట, కొండ కూడా వాళ్ళదేనేమో. మీట నొక్కకుండా దిగితే ఘాటు ఎక్కనివ్వరు. నొక్కడం మర్చిపోతామన్న భయానికి పల్లంలో అందరం మీట నొక్కి దానిమీద నల్లటేపు అంటించేశాం. ఎక్కేటప్పుడు నొక్కి ఉన్నా నష్టం లేదు, యాక్సిలేటరు తిప్పినంతసేపూ అది నోరెత్తదు.

గేటులో కోత చూసేది బంగార్రాజు మావయ్య. ఊరందరికీ మావయ్యే.

"ఒక్క గీత వదిలెయ్యి మావయ్యా. రేపు పిన్ని ఉంటుంది."

"వదలడానికి నేనెవర్ని తల్లీ? తీగ పెడితే అదే తాగుద్ది. ఎంత తాగాలో దానికి పైనించి చెప్తారు." తీగ పీకి నా చేతిలో మజ్జిగ సీసా పెట్టాడు. "తాగు. ఎండ తగిలిన మొహంతో నన్నలా చూడకు."

తాగాను. కోపం తగ్గలేదు గానీ మజ్జిగ బాగుంది.

బుధవారం. గుడ్డిమలుపు దగ్గర ఆగింది.

గాలిమలుపుకి ఒక మలుపు ముందే. వెనక నించి ఇడ్లీపిండి జగ్గారావు వచ్చాడు. మెరక కాంటీన్లకి పిండి డబ్బాలు మోస్తాడు, ముందూ వెనకా డబ్బాలే. వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు, హారన్ కొట్టి తిట్టుకోవడమే.

"ఏటైంది?"

"కనపడట్లేదా?"

"అడిగితే కరుస్తావేటే? ఎక్కు, కాలు పెడతాను."

కాలు పెట్టడమంటే పెట్రోలు బళ్ళ కాలం నించీ ఉన్నదే. ఆగిపోయిన బండి వెనక ఫుట్‌రెస్టు మీద పక్క బండివాడు కాలు ఆనించి తన బండితో తోసుకెళ్ళడం. ఎవరూ నేర్పక్కర్లేదు, పల్లంలో పుట్టినవాడికి వచ్చేస్తుంది. ఎక్కి హ్యాండిల్ సూటిగా పట్టుకున్నాను. వాడు ఎడమకాలు ఆనించాడు. బండి కదిలింది.

"ఓలమ్మ, ఏటింత బరువు? ఏనుగునెక్కించుకున్నావేటి?" అన్నాడు రొప్పుతూ.

"ఏనుగు నీ ఎనకాల డబ్బాల్లో ఉందిరా," అంది పిన్ని. "నాను పట్టుమని పావు బస్తా ఉండను."

పైదాకా తోసి, పిండి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు. కుర్చీ దొరికింది. లాండ్రీ దగ్గర బండి ఆపి చూస్తే ఆరిపోయిన గీత వెలుగుతోంది. కాసేపు ఎండలో ఉంటే బ్యాటరీకి ప్రాణమొచ్చిందేమో అనుకున్నాను.

గురువారం. పైదాకా వెళ్ళింది. సాయంత్రం జగ్గారావు ఇంటిమీదికొచ్చాడు.

ప్యాంటు మోకాళ్ళదాకా పిండి ఎండిపోయి అట్టకట్టింది.

"నీ బండి ఏటి చేసిందే నా బండిని?" అన్నాడు గుమ్మంలోనే. "నిన్ను తోసినకాడ్నించి నా గీతలు మూడు పోయాయి. రాత్రి నింపితే నిండలేదు, నా చార్జింగు వాటా అయిపోయిందన్నాది. ఇయ్యాల కాంటీను ఇంకా రెండు వీధులుండగా ఎండలో ఆగిపోనాను. పిండి పొంగిపోయి డబ్బా మూతలెగిరి రోడ్డంతా పారింది. కుక్కలు నాకుతుంటే మెరకోళ్ళు బాల్కనీల్లోంచి ఫొటోలు తీసుకున్నారు."

"నేనడిగానా తొయ్యమని? నువ్వే పెట్టావు కాలు."

"అదీ నిజమే. ఇంక జన్మలో పెట్టను."

"పెట్టకు."

వాడు తిరిగి వెళ్ళిపోబోతుంటే పిన్ని తన గుమ్మంలోంచి కేకేసింది. "ఒరే పిండి, ఇలా రా. నా మీద కోపమా, దాని మీదా?"

"బండి మీద అత్తా."

"అయితే బండిని తిట్టు. ఆ పిల్లకి పొద్దుటినించీ తిండి లేదు."

నేను మాత్రం అప్పటికే బండి దగ్గర కూర్చున్నాను. వాడి గీతలు పోయాయి. నాకు గీత వచ్చింది. నేను యాక్సిలేటరు తిప్పలేదు, చక్రాన్ని వాడి కాలు తిప్పింది. టేపు కింద దిగుడు మీట నొక్కే ఉంది. నా బండికి అది కొండ దిగుతున్నట్టే. ఈసారి చార్జి పుట్టించింది నా బరువు కాదు, పిన్నిదీ కాదు. నా మోటారు వాడి చార్జి తాగింది.

వాడికి చెప్పాను. నమ్మలేదు. ఉప్పుమడుల రోడ్డు మీదికి తీసుకెళ్ళి, ఒక దీపస్తంభం నించి ఇంకో స్తంభందాకా కాలు పెట్టమన్నాను. వాడి గీత పొట్టిదైంది, నాది పొడుగైంది. వాడిది పోయినంత నాకు రాలేదు, కొంత మోటార్లు తినేశాయి. అయినా వచ్చింది. తీగతో ఒకరికొకరం ఇచ్చుకోకుండా బ్యాటరీలకి తాళాలేశారు. కాలికి వెయ్యడం మర్చిపోయారు.

జగ్గారావు చాలాసేపు తన చెప్పు వైపు చూసుకున్నాడు.

"నన్ను దోచుకుని నాకే పాఠం చెప్తన్నావు," అన్నాడు.

శుక్రవారం. పనసమలుపు దగ్గర ఆగింది.

జన్మలో పెట్టనన్నవాడు పొద్దున్నే షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. షెడ్డంటే పల్లంలో బళ్ళన్నీ రాత్రి చార్జింగు పెట్టే చోటు. తలా ఇన్ని గీతలని వాటా, అంతకు మించి ప్లగ్గు ఇవ్వదు. ఉప్పుమడుల రోడ్డు మీద రెండు స్తంభాల దూరం కాలు పెట్టాడు. అంతకన్నా ఇస్తే వాడి పిండి మళ్ళీ కుక్కలకే.

సరిపోలేదు. పనసమలుపు ఘాటులో మొదట్లోనే వస్తుంది. బ్యాటరీ వారంలో ఇంత పడిపోయిందని అప్పుడు తెలిసింది. అక్కడ నించి తోశాను. సగంలో నాకు బలం చాలకపోతే పిన్ని దిగి నడిచింది, నాలుగడుగులేసి రోడ్డు పక్క గోడమీద కూర్చుండిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. చాలా బళ్ళు పక్కనించి వెళ్ళిపోయాయి. ఒకరిద్దరు కాలు పెట్టనా అన్నారు గానీ వాళ్ళ గీతలు చూసి నేనే వద్దన్నాను.

చేరేసరికి కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. సుగుణ ఏడుపు మొహంతో నిలబడింది. "సోమవారం దాకా నీళ్ళు తగ్గించి తాగించు. అరటిపండు, కొబ్బరినీళ్ళు ముట్టనివ్వకు. ఆయాసమొస్తే..." అని ఆగింది. ఆయాసమొస్తే ఏం చెయ్యాలో ఆవిడకీ తెలీదు. పడిపోవాలి కాబోలు.

ఆదివారం. బండి తియ్యలేదు.

పిన్ని కాళ్ళు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఊపిరాడట్లేదని రెండు రాత్రులుగా గోడకి ఆనుకునే కూర్చుంటోంది. ఇంకో కుర్చీ తప్పితే పిన్ని ఉండదు. ఈ మాట కాగితం మీద రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. అందరూ బళ్ళు పెట్టుకుని కబుర్లాడుతున్నారు. నాకు మాట్లాడ్డం రాదు, అరవడం వచ్చు.

"శుక్రవారం మీ పక్కనే ఆగిపోయాం. కళ్ళు తిప్పుకుని పోయారు. ఆవిడ చేతి అన్నం తినని మొహం ఇక్కడ ఒక్కటుందా? రేపు ఒక్కొక్కరూ ఒక్కో స్తంభం దూరం నాకు కాలు పెట్టాలి. పెట్టనివాడు మనిషి కాదు."

టవర్లలో వంటచేసే కుమారి మొదట నోరు విప్పింది.

"మనిషి కాదంటే కాదులే. నాకు పైదాకా వెళ్ళడానికి బొటాబొటీగా సరిపోద్ది. నాను ఆగిపోతే నువ్వు తోస్తావేటి?"

"స్తంభానికి నీకేం కరిగిపోదు."

"ఎవరికెంత కరుగుద్దో నువ్వెవరివే చెప్పడానికి?"

తోటపని అప్పలనరసయ్య ప్లగ్గు వైపు తిరిగిపోయాడు. జగ్గారావు నా చెయ్యి పట్టి లాగుతూ, "అడగడానికొచ్చావా, కొట్టడానికొచ్చావా?" అన్నాడు. నిజంగానే తెలీలేదు నాకు.

అప్పుడు పిన్ని వచ్చింది. గోడ పట్టుకుంటూ, రెండడుగులకోసారి ఆగుతూ. ఎవరో బకెట్టు బోర్లేస్తే దానిమీద కూర్చుంది. ఊపిరి అందేదాకా ఎవరూ కదల్లేదు.

"ఈ పిల్లగుంట మాటలకి ఏటీ అనుకోకండి," అంది. "దీన్ని నానే పెంచాను, ఉప్పెక్కువైపోనాది."

కుమారి నవ్వు ఆపుకుంది.

"కుమారీ, నీ కూతురి పెళ్ళి మాఘమాసంలో అన్నావు కదా. వడియాలు పెట్టేదెవరు?"

"నువ్వే కదత్తా."

"మరి నన్ను మాఘమాసందాకా తోసుకెళ్ళు. ఆ తరవాత నీ ఇష్టం." నరసయ్య వైపు తిరిగింది. "నిన్నడగడానికేటీ లేదు బావా. నీ దగ్గర అప్పడాల కర్ర తెచ్చుకుని ఇవ్వలేదు. సచ్చిపోతే అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

"అదెక్కడుంది?" అన్నాడు నరసయ్య, ఆదుర్దాగా.

షెడ్డంతా నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు, నవ్వడానికి ఊపిరి చాల్లేదు. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. కుమారి లేచి ఆవిడ కాలు నొక్కి చూసింది. గుంట అలాగే ఉంది. కుమారి ఆ గుంట మీంచి కళ్ళెత్తి నావైపు చూసి, "ఎన్నో స్తంభం నాది?" అంది.

సోమవారం. ఆగలేదు.

ఉప్పుమడుల రోడ్డు మీద, షెడ్డు నించి గేటు దాకా, ఒక్కో స్తంభం దగ్గర ఒక్కొక్కరు. మొదటి స్తంభం నించి రెండోదానికి జగ్గారావు కాలు. అక్కడ వాడు తీశాడో లేదో కుమారి కాలు. తరవాత నరసయ్యది, మోకాలు నొప్పి కాబట్టి కుడికాలు. ఆగకుండా, ఒకరు తీస్తుంటే ఒకరు పెడుతూ. నేను యాక్సిలేటరు ముట్టుకోకుండా హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను. కళ్ళముందే గీతలు పెరుగుతున్నాయి.

పిన్ని ప్రతివాళ్ళ చెప్పులకీ పేరు పెట్టింది. "ఈ చెప్పుకి ముల్లుంది, నెమ్మది." "ఇదెవరిదే, ఇంత మెత్తగా ఉంది? పెళ్ళికొడుకుదేటి?"

పైకి చేరేసరికి ఇంకా ఒక గీత మిగిలింది. సుగుణ కుర్చీలో కూర్చోబెట్టి సూది గుచ్చింది. మిషను తిరగడం మొదలయ్యాక పిన్ని కళ్ళు మూసుకుంది. రెండు రాత్రుల నిద్ర అక్కడే పోయింది. నేను లాండ్రీకి ఆలస్యంగా వెళ్ళాను. దుప్పట్లు మడతపెడుతూ ఎందుకో ఏడుపొచ్చింది, మడతల్లోనే తుడిచేశాను. మెరకవాళ్ళు వాటిమీదే పడుకుంటారు, పడుకోనీ.

మంగళవారం. చాలా రోజులైంది రాసి.

ఆగితే రాస్తానన్నాను, ఆగలేదు కాబట్టి రాయలేదు. స్తంభం దూరం ఇప్పుడు పల్లంలో అలవాటైపోయింది. నాకే కాదు, కడుపుతో ఉన్న పిల్లకి, కొత్తగా చేరి వాటా రానివాడికి, ఎవరి గీత తక్కువైతే వాళ్ళకి. షెడ్డు దగ్గర అడగడం కూడా లేదు, ముందురోజు చూసుకుంటారు. పిన్ని కాళ్ళ వాపు తీసింది. వడియాలకి గుమ్మడికాయ బేరమాడుతోంది.

ఇవాళ పొద్దున్న అన్ని బళ్ళ తెరమీదా ఒకటే కబురు.

"మీ భద్రత మాకు ముఖ్యం. ఇకపై మీ వాహనం మరో వాహనానికి చెయ్యి చాచేంత దూరంలోకి వస్తే దానంతటదే నడక వేగానికి తగ్గుతుంది."

జగ్గారావు, నేను ఉప్పుమడుల మీద చూశాం. వాడు దగ్గరికి రాగానే రెండు బళ్ళూ ముసలి ఎద్దుల్లా అయిపోయాయి. కాలు పెట్టి నడక వేగంలో తోస్తే చక్రం తిరుగుతుంది గానీ చార్జి పుట్టదు. ఒక్క పిసరు కూడా. ఎవడో ఏసీ గదిలో కూర్చుని మా కాళ్ళకి తాళం వేశాడు. బండిని తన్నాను. బొటనవేలు వాచింది.

రేపు బుధవారం.

బుధవారం. పనసమలుపు దగ్గర ఆగింది.

పొద్దున్నే బయల్దేరాను. ఎవర్నీ దగ్గరికి రావద్దని చెప్పాను. వచ్చినా చార్జి ఇవ్వలేరు, వాళ్ళు కూడా ఆలస్యమై నష్టపోవడం తప్పించి. పనసమలుపుకి ప్రాణం పోయింది.

దిగి తోద్దామని చూస్తుంటే జగ్గారావు వచ్చాడు.

"దూరంగా పో."

"మీట తియ్యే."

"ఏ మీట?"

"దిగుడు మీట. చార్జి ఎలాగూ పుట్టదు కదా. అదుంటే బండి వెనక్కి లాగుద్ది. తీసెయ్యి, తేలికవుద్ది. నడక అయితే నడకే, పైదాకా తోస్తాను."

నాకు తట్టలేదు. ఎన్నాళ్ళో అంటుకుని ఉన్న నల్లటేపు గోరుతో పీకాను, సగమే ఊడింది. మీట పైకి లేపాను. వాడు కాలు ఆనించాడు. చాలా నెమ్మదిగా కదిలాం.

ఆ తరవాత జరిగింది ఎవరూ అనుకుని చెయ్యలేదు. ఘాటు రోడ్డు ఇరుకు. మా వెనకొచ్చిన కుమారి మమ్మల్ని దాటాలంటే దగ్గరికి రావాలి. దగ్గరికొస్తే ఆవిడ బండీ నడకే. ఆవిడ వెనకవాళ్ళు ఆవిడకి దగ్గరయ్యారు. వాళ్ళ వెనకవాళ్ళు వాళ్ళకి. మలుపు తిరిగి కిందికి చూస్తే గేటు దాకా హెల్మెట్లే. వంటవాళ్ళు, పాలవాళ్ళు, పిల్లల్ని చూసే ఆయాలు, లిఫ్టులు నడిపేవాళ్ళు, మొత్తం పల్లం ఒకరి వెనక ఒకరు పెళ్ళినడక నడుస్తోంది.

మొదట తిట్టారు. హారన్లు మోగాయి. తరవాత ఎలాగూ నడకే కదా అని కుమారి ఇంకోపక్క నించి కాలు పెట్టింది. జగ్గారావు అలిసిపోతే నరసయ్య. ఎండ ఎక్కుతోంది. ఎవరో మజ్జిగ సీసా ముందుకి అందించారు, చేతులు మారుతూ పిన్ని దాకా వచ్చేసరికి అడుగున రెండు గుక్కలే మిగిలాయి. నీళ్ళ లెక్క తప్పకూడదని ఒకటి పుక్కిలించి ఉమ్మింది, రెండోది నాకిచ్చింది.

"నన్నేటి ఇలా ఊరేగిస్తన్నారు?" అంది. "పల్లకీ ఒకటి తెచ్చుంటే బాగుండును."

కుర్చీ పోయుంటుందని నాకు తెలుసు. చేరాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. వెనక్కి తిరిగి ఆవిడ పెదాలు చూడ్డానికి భయమేసింది. చూశాను. రంగు మారుతోంది.

ఆస్పత్రి గుమ్మం ముందు జనం ఉన్నారు. మెరక మనుషులు, కార్లలో వచ్చినవాళ్ళు, గొడుగులు పట్టుకుని విసుక్కుంటున్నారు. తలుపులు మూసే ఉన్నాయి. లోపల దీపాలు కూడా వెయ్యలేదు. ఎందుకో నాకర్థం కాలేదు. వెనకనించి ఎవరో జనాన్ని తోసుకుంటూ, "జరగండి, జరగండి, మిషన్లు పెట్టాలి," అంటూ వచ్చారు. సుగుణ. హెల్మెట్ కూడా తియ్యలేదు. చెమటకి జాకెట్టంతా తడిసిపోయింది. మాకు పది బళ్ళ వెనక ఘాటులోనే ఉందట పొద్దుటినించీ. మిగిలిన నర్సులు, ఆయాలు, మిషన్లు కడిగేవాళ్ళు ఇంకా గాలిమలుపు దగ్గరున్నారు.

మిషను ఆన్ చేసే మనిషి లేకపోతే కుర్చీ ఖాళీగా ఉన్నట్టు కంప్యూటరుకి ఎవరు చెప్తారు?

ఒకాయన గొడుగు ఊపుతూ తన వంతు ముందని గట్టిగా అన్నాడు. సుగుణ పిన్ని పెదాలు చూసింది, ఆయన మొహం చూసింది. "మీరు ఎర్రగా ఉన్నారండీ, కూర్చోండి," అని పిన్నిని గుమ్మం వైపు నడిపించింది. ఆయన పిన్నివైపు చూశాడు. గొడుగు ఆవిడ మీదికి వంచి గుమ్మందాకా పట్టాడు.

లాండ్రీలో మేనేజరు నన్ను ఏమీ అనలేదు. ఆయన టిఫిను ఇంకా రాలేదు.

గురువారం. పైదాకా వెళ్ళింది.

నిన్న మెరకలో పిల్లలు బడికెళ్ళలేదట, టవర్లలో నీళ్ళ మోటార్లు వేసేవాళ్ళు లేరట. కంపెనీ నించి కొత్త కబురేమీ లేదు. దగ్గర బ్రేకు అలాగే ఉంది. పరిశీలిస్తున్నామంటున్నారు.

గేటులో బంగార్రాజు మావయ్యని కంపెనీవాళ్ళు పిలిపించి అడిగారట, ఇదంతా ఎవరైనా కూడబలుక్కుని చేశారా అని.

"ఏం చెప్పావు?"

"రద్దీ అని రాసిచ్చాను," అన్నాడు తీగ నా బండికి పెడుతూ. "ఎవరు మొదలెట్టారని అడిగారు. ముందున్నోళ్ళు అన్నాను. ముందెవరున్నారంటే, వెనక నించి కనపడలేదన్నాను."

తీగ మామూలుగానే తాగింది. అంతా లాగేసుకుంది. మావయ్య ఏమీ చెయ్యలేడు, నాకిప్పుడు ఆయన మీద కోపం లేదు. ఉండాల్సినవాళ్ళ మీద ఉంది, ఇంకా పెరిగింది.

కానీ రేపటికి ఏమీ లేదు నా దగ్గర. నిన్నటిది అనుకోకుండా జరిగింది. రెండోసారి అందర్నీ ఎండలో అంతసేపు నడిపించమని ఏ నోటితో అడగను? వాళ్ళకీ ఉద్యోగాలున్నాయి. షెడ్డు గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. జీవితంలో మొదటిసారి అరవాలని కూడా అనిపించలేదు.

శుక్రవారం.

ఒక్కదాన్నే తోసుకెళ్దామని, తెల్లారకముందే పిన్నిని లేపాను. ఆవిడ చీర కట్టుకుని సిద్ధంగానే ఉంది. బండి తీసుకుని షెడ్డు మలుపు తిరిగితే ఉప్పుమడుల రోడ్డంతా దీపాలు.

అందరూ ఉన్నారు. కుమారి ఒళ్ళో టిఫిను క్యారేజి. నరసయ్య మోకాలికి కట్టు కట్టుకుని. జగ్గారావు డబ్బాల చుట్టూ తడిగుడ్డలు చుట్టి, మూతల్ని తాళ్ళతో బిగించాడు.

"ఇంత పొద్దున్నే ఏటి?" అన్నాను.

"నడిచెల్లాలంటే పొద్దున్నే బయల్దేరాల కదేటే," అన్నాడు, తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి. "పిండి కూడా ఆలస్యంగా రుబ్బాను, పొంగకుండా. అడగడానికి రాలేదేటి నిన్న? గుమ్మందాకా వచ్చి పారిపోయావు."

"మీరు కాదంటే..."

"అంటే నాలుగు తిట్టేదానివి. అలవాటే కదా."

కుమారి ఒక ఇడ్లీ తీసి నా నోట్లో కుక్కింది, ఇంక మాట్లాడే పని లేకుండా.

గేటు తెరిచే వేళ ఇంకా కాలేదు. బంగార్రాజు మావయ్య మమ్మల్ని చూసి, ఆకాశం చూసి, కడ్డీ ఎత్తి దాని కింద రాయి పెట్టాడు.

జగ్గారావు కాలు ఆనించాడు. బళ్ళన్నీ ఒకదానికొకటి దగ్గరై ఒకేసారి నెమ్మదించాయి. మా పక్కన సుగుణ, హెల్మెట్ ముందు పెట్టుకుని, ఆవలిస్తూ నడక వేగంలో వస్తోంది.

"ఆలస్యమవుద్దేమో," అన్నాను ఆవిడతో.

"ఎక్కడికి?" అంది సుగుణ. "నేను లేకుండా అక్కడ మిషను తిప్పేదెవరు?"

వెనకనించి పిన్ని నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి బరువుగా ఉంది, వేళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి, కానీ పట్టు గట్టిగానే ఉంది.

"మెల్లగానే పదరా," అంది జగ్గారావుతో. "ఇయ్యాల నాకేటీ తొందర్లేదు."